కొలువు అడిగితే అప్పుల చిట్టా ఎందుకు?

కొండగట్టుకు దగ్గర్లో, కొడిమ్యాల మండలం నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ నడుస్తోంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చి ఇలాంటి కాలేజీల్లో చదివే పిల్లల ఇళ్లలో అప్పు కొత్త ముచ్చట కాదు. నాన్న దుబాయ్ పోయేటప్పుడు తెచ్చిన మిత్తి పైసలు, అమ్మ పేరు మీద సంఘం లోను, బోరు వేసిన ఏడాది పంట రుణం, ఆఖరికి పిల్లవాడి చదువుకు బ్యాంకు అప్పు. ఇన్నాళ్లూ ఇదంతా ఇంటి గుట్టు. ఇప్పుడు డిగ్రీ చేతికొచ్చి కొలువు వెతుక్కునే వేళకు మార్కుల మెమో, కులం సర్టిఫికెట్, పోలీసు వెరిఫికేషన్‌తో పాటు ఇంకో కాగితం కూడా బల్ల మీదికి వస్తోంది. అదే సిబిల్ రిపోర్టు. అది చూడటానికి అభ్యర్థి ఒప్పుకోవాలా? ఒప్పుకోనంటే ఏమవుతుంది? అసలు అడిగే హక్కు కొలువు ఇచ్చేవాడికి ఉందా?

సిబిల్ అన్నది ఒక కంపెనీ పేరు. 2000లో క్రెడిట్ ఇన్ఫర్మేషన్ బ్యూరోగా పుట్టి, ఇప్పుడు అమెరికా కంపెనీ ట్రాన్స్‌యూనియన్ చేతుల్లో ట్రాన్స్‌యూనియన్ సిబిల్‌గా నడుస్తోంది. ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ అని ఇంకో మూడు ఉన్నా, జనం నోట నాలుగూ సిబిలే. మనిషి ఎక్కడెక్కడ అప్పు తీసుకున్నాడు, వాయిదా ఎప్పుడు తప్పాడు, ఎన్నిసార్లు కొత్త అప్పు కోసం దరఖాస్తు పెట్టాడు అన్నవన్నీ కూడి 300 నుంచి 900 మధ్య ఒక అంకె తేలుతుంది. 2005లో పార్లమెంటు చేసిన క్రెడిట్ ఇన్ఫర్మేషన్ కంపెనీల చట్టం ఈ వ్యవహారానికి పునాది. ఆ చట్టం పుట్టింది అప్పు ఇచ్చేవాడి కోసం. ఎదుటి మనిషి తిరిగి కడతాడా లేదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడమే ఆ అంకె పని. కొలువు బాగా చేస్తాడా అన్న ప్రశ్న ఆ అంకెను కట్టినవాళ్ల ముందు లేదు.

అయినా కొలువుల్లోకి అది చాలాకాలం కిందటే చొరబడింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా క్లర్కు, ఆఫీసరు పోస్టుల ప్రకటనల్లో ఏళ్లుగా ఒక నిబంధన ఉంటోంది. అప్పు గానీ క్రెడిట్ కార్డు బాకీ గానీ ఎగ్గొట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, సిబిల్‌లో ప్రతికూల నివేదిక ఉన్నవాళ్లు నియామకానికి అర్హులు కారని దాని సారాంశం. ఆఫర్ లెటర్ తేదీలోపు బాకీ కట్టేసి, రికార్డు మాత్రం ఇంకా మారనివాళ్లు అప్పు ఇచ్చిన సంస్థ నుంచి నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరిపోతుందని ఒక వెసులుబాటు. మిగతా ప్రభుత్వ బ్యాంకుల తరఫున పరీక్షలు నడిపే ఐబీపీఎస్ 2023లో ఇంకో అడుగు ముందుకేసింది. చేరే నాటికి స్కోరు 650 ఉండాలని ఏకంగా ఒక అంకె పెట్టింది. కోచింగ్ సెంటర్లలో రీజనింగ్, ఆప్టిట్యూడ్ నేర్చుకుంటున్న పిల్లలు స్కోరు పెంచుకోవడం ఎలాగో యూట్యూబ్‌లో వెతకడం మొదలుపెట్టింది అప్పుడే. విమర్శలు వచ్చాయి, పార్లమెంటులో ప్రశ్నలు పడ్డాయి. తర్వాతి ప్రకటనల్లో ఆ అంకె పోయింది. రికార్డు సరిచేయించుకోండి, లేదా బాకీ లేదన్న కాగితం తెండి, లేదంటే ఆఫర్ రద్దు కావచ్చు అన్న పద్ధతి మిగిలింది.

అంకె పోవడం చిన్న విషయం కాదు. 640 వచ్చినవాడికీ 660 వచ్చినవాడికీ నిజాయితీలో తేడా ఉందని ఏ గణితమూ చెప్పలేదు. కానీ నిబంధన ఉంది గదా. అది కోర్టు దాకా వెళ్లింది కూడా.

2020 జూలైలో ఎస్‌బీఐ సర్కిల్ బేస్డ్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. తమిళనాడుకు చెందిన ఒక అభ్యర్థి పరీక్ష దాటాడు, ఇంటర్వ్యూ దాటాడు, నియామక పత్రం అందుకున్నాడు. 2021 ఏప్రిల్‌లో సిబిల్ రిపోర్టు బాగాలేదంటూ బ్యాంకు దాన్ని రద్దు చేసింది. ప్రకటన వచ్చేనాటికే తన అప్పులన్నీ తీర్చేశానని అతని వాదన. 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎన్. మాల బ్యాంకు వైపే తీర్పు ఇచ్చారు. బాకీ ఆఖరున తీరిందా లేదా అన్నదాన్ని మించి, కట్టిన కాలమంతా క్రమం తప్పకుండా కట్టాడా అన్నది చూడాలని, ప్రజల సొమ్ముతో వ్యవహరించే చోట ఆర్థిక క్రమశిక్షణ తప్పనిసరని, నిబంధన తెలిసే దరఖాస్తు పెట్టినవాడు తర్వాత దాన్ని తప్పుబట్టలేడని తీర్పు సారం.

చివరి ముక్క దగ్గర కాస్త ఆగాలి. తెలిసి దరఖాస్తు పెట్టాడు కాబట్టి ఒప్పుకున్నట్టే అన్న తర్కం చట్టం దృష్టిలో బలమైనదే కావచ్చు. కానీ లక్షల మంది వేల పోస్టుల కోసం పోటీపడే చోట, ఆన్‌లైన్ ఫారంలో ఒక గడి మీద టిక్కు పెట్టకపోతే పేజీ ముందుకు కదలని చోట, ఆ టిక్కును ఇష్టంతో ఇచ్చిన అనుమతిగా లెక్కగట్టడం ఎంతవరకు న్యాయం?

బ్యాంకుల భయం ఉత్తదని కొట్టిపారేయడం కూడా తప్పే. 2025 ఆగస్టులో గోదావరి అవతల, మంచిర్యాల జిల్లా చెన్నూరులో ఎస్‌బీఐ శాఖ నుంచి వందల మంది ఖాతాదారులు తాకట్టు పెట్టిన దాదాపు 20 కిలోల బంగారం మాయమైంది. ఆ శాఖ క్యాషియరే ఆన్‌లైన్ బెట్టింగ్‌లో నష్టపోయి, ఆ నగలను ప్రైవేటు ఫైనాన్స్ సంస్థల్లో మళ్లీ తాకట్టు పెట్టించాడని పోలీసులు చెప్పారు. ఆడపిల్ల పెళ్లికి దాచిన పుస్తెలతాడు బ్యాంకులో పెట్టినవాళ్లకు, కౌంటర్ అవతల కూర్చున్న మనిషి అప్పుల్లో మునిగి ఉన్నాడా అని తెలుసుకునే అవసరం లేదని ఎవరు చెప్పగలరు? అయితే ఇదే ఉదంతం ఎదురు ప్రశ్న కూడా వేస్తుంది. ఆ క్యాషియర్ చేరేనాటి రిపోర్టు ఎంత శుభ్రంగా ఉన్నా, తర్వాతెప్పుడో బెట్టింగ్ యాప్‌లో పోగొట్టుకున్న డబ్బు దానిలో కనిపించదు. గుమ్మం దగ్గర ఒక్కసారి చూసే రిపోర్టు లోపలికి వచ్చాక జరిగేదాన్ని ఆపలేదు. తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉంచడం, లాకరు లెక్కను ఆడిటర్ చెప్పాపెట్టకుండా వచ్చి సరిచూడటం, ఒకే మనిషిని ఒకే కుర్చీలో ఏళ్లతరబడి ఉంచకపోవడం ఆపగలవు. వీటికి అభ్యర్థి అనుమతి అక్కర్లేదు, బ్యాంకుకు ఖర్చవుతుంది. రిపోర్టు అడగడం చౌక.

ఇక ఈ ప్రాంతం లోపలికి వస్తే, సిబిల్ చూసేదానికీ బతుకులో నిజంగా ఉన్నదానికీ మధ్య దూరం తెలుస్తుంది.

గల్ఫ్‌కు పోయే మనిషి దగ్గర ఏజెంటు తీసుకునే సర్వీసు చార్జీకి వలస చట్టం 30,000 రూపాయల పరిమితి పెట్టింది. వీసాకు, టికెట్‌కు, మధ్యవాళ్లకు కలిపి ఊళ్లలో చేతులు మారే డబ్బు అంతకు ఎన్నో రెట్లు. ఆ డబ్బు బ్యాంకు నుంచి రాదు. నూటికి రెండు, మూడు రూపాయల మిత్తికి ఊళ్లోనే పుడుతుంది, ప్రామిసరీ నోటు మీద సంతకంతో. రెండేళ్లు ఎడారిలో పనిచేసినా అసలు అట్లాగే ఉండే ఈ అప్పు ఏ బ్యూరో రికార్డులోనూ ఎక్కదు. అంటే లక్షల మిత్తి అప్పు నెత్తిన ఉన్న ఇంటి పిల్లవాడి రిపోర్టు తళతళలాడవచ్చు. ఫోన్ కొనడానికి యాప్‌లో తీసుకున్న చిన్న అప్పుకు రెండు వాయిదాలు తప్పిన పిల్లవాడి రిపోర్టు మాత్రం ఎర్రబారుతుంది. అప్పు ఒత్తిడే మోసానికి కారణమన్నది యజమాని వాదన అయితే, ఆ ఒత్తిడిని కొలిచే సాధనం ఇక్కడి అప్పుల్లో సగాన్ని చూడనే లేదు.

సిరిసిల్ల సంగతి ఇంకో తీరు. అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఆసామి అటు సేటుకూ ఇటు కార్మికుడికీ మధ్య నలిగే మనిషి. నూలు అరువుకు వస్తుంది, బట్ట పోయాక డబ్బు వస్తుంది, ఆ డబ్బు ఎప్పుడొస్తుందో అతని చేతిలో ఉండదు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలయ్యాక ప్రభుత్వమే పెద్ద కొనుగోలుదారు అయింది. బిల్లు ఆగిన నెల బ్యాంకు వాయిదా కూడా ఆగుతుంది. సర్కారు ఆలస్యం సర్కారు పేరు మీద నమోదు కాదు, ఆసామి పేరు మీద నమోదవుతుంది. ఆ లోనులో కొడుకు గానీ కూతురు గానీ జమానతు సంతకం పెట్టి ఉంటే వాళ్ల పేరు మీదా పడుతుంది. జామీను ఉన్నవాడు ఆ అప్పులో పైసా ముట్టకపోయినా అతని రిపోర్టులో ఆ ఖాతా ఉంటుంది. నమ్మకం కోసం సంతకం పెట్టడం మర్యాదగా నడిచే సమాజంలో ఈ విషయం చాలామందికి తెలిసేది బ్యాంకు ఉద్యోగం అంచుదాకా వచ్చాకే.

రైతు ఇంటి కథ కూడా ఇదే దారి. 2014లో లక్ష రూపాయల రుణమాఫీ విడతలుగా వచ్చింది. 2018లో హామీ ఇచ్చిన మాఫీ ఏళ్ల తరబడి సాగింది. 2024 జూలై, ఆగస్టు నెలల్లో రెండు లక్షల దాకా మూడు విడతల్లో జమ చేశారు. మాఫీ వస్తుందంటే ఎవరైనా ఎదురుచూస్తారు, రెన్యువల్ చేసుకోరు. ఎదురుచూసిన రోజులన్నీ బ్యాంకు లెక్కలో గడువు దాటిన రోజులే.

ఇంకాస్త వెనక్కి పోతే 2010 ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ సంస్థల వారపు వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల మధ్య అక్టోబరు 15న ప్రభుత్వం వాటిని కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు ఒక్కసారిగా కుప్పకూలాయి. అంతకుముందు దాకా ఠంచనుగా కట్టిన ఆడవాళ్లే కట్టడం మానేశారు. ఒక వారంలో ఇంతమంది బుద్ధి మారిపోయిందని ఎవరూ అనరు. చట్టం మారింది, వసూలుకు వచ్చే మనిషి రావడం మానేశాడు, నాయకులు కట్టొద్దన్నారు. సూక్ష్మ రుణాల వివరాలు బ్యూరోలకు చేరడం అప్పుడప్పుడే మొదలవుతున్న కాలం కాబట్టి ఆ దెబ్బ పూర్తిగా రికార్డుకెక్కలేదు. ఇప్పుడు అట్లా జరిగితే తప్పించుకునే దారి లేదు. 2016 నుంచి స్వయం సహాయక సంఘాల అప్పుల్ని కూడా సభ్యురాలి వారీగా బ్యూరోలకు పంపాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. 2022 సెప్టెంబరు మార్గదర్శకాల తర్వాత డిజిటల్ యాప్‌ల అప్పులూ, ఇప్పుడు కొని తర్వాత కట్టే పద్ధతి అప్పులూ అందులోకే వస్తాయి. వల చిన్న చేపల్ని కూడా పడుతోంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కుముడి చదువు అప్పు. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం చదువు కాలం, ఆపైన ఒక ఏడాది దాకా వాయిదాలు మొదలు కావు. ఆ ఏడాదిలో కొలువు దొరక్కపోతే? మిత్తి పెరిగిన మొత్తం మీద వాయిదా పడుతుంది, అది తప్పుతుంది, 90 రోజులు దాటితే మొండి బాకీ అవుతుంది. పిల్లవాడు, సహ దరఖాస్తుదారుగా సంతకం పెట్టిన తండ్రి ఇద్దరూ ఎగవేతదారులే. ఇప్పుడు అప్పు తీరాలంటే కొలువు కావాలి, కొలువు రావాలంటే అప్పు తీరి ఉండాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏళ్లు పడితే, కాలేజీ సర్టిఫికెట్ల కోసం ఇంట్లోవాళ్లు ఇంకో అప్పు చేస్తే, ముడి ఇంకా బిగుస్తుంది. 2023లో కేరళ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.వి. కున్హికృష్ణన్ సిబిల్ స్కోరు తక్కువన్న ఒక్క కారణంతో విద్యారుణం నిరాకరించవద్దని చెప్పారు. స్కోరు తక్కువైనా అప్పు ఇవ్వాలన్న మాట ఒక హైకోర్టుది, ఆ అప్పు కట్టడంలో తడబడితే బ్యాంకు కొలువు దక్కకపోయినా సరే అన్నట్టుగా ఇంకో హైకోర్టు తీర్పు. రెండు కేసుల సందర్భాలు వేరు, నిజమే. కానీ ఒకే విద్యార్థి ఐదేళ్ల తేడాతో ఆ రెండు తలుపుల ముందూ నిలబడవచ్చు.

రిపోర్టులో తప్పులు దొర్లవా అంటే, ఎంత పేరున్నవాళ్లకైనా దొర్లుతాయి. 2022లో నటుడు రాజ్‌కుమార్ రావు తన పాన్ నంబరుతో ఎవరో 2,500 రూపాయల అప్పు తీసుకున్నారని, తన స్కోరు దెబ్బతిన్నదని ట్విట్టర్‌లో పెట్టి సిబిల్‌ను నిలదీశారు. ఆయన గొంతు వినడానికి లక్షల మంది ఉన్నారు. పాన్ జిరాక్సు సిమ్ దుకాణంలో, లోన్ ఏజెంటు దగ్గర, ఇంకెక్కడో వదిలేసి వచ్చిన మామూలు పిల్లవాడికి ఎవరున్నారు? అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో వెలువరించిన అధ్యయనంలో ఐదుగురిలో ఒకరి రిపోర్టులో ఏదో ఒక తప్పు తేలింది, వందలో ఐదుగురికి అప్పు ఖరీదయ్యేంత పెద్ద తప్పు. వందేళ్ల అనుభవం ఉన్న చోటే పరిస్థితి ఇది.

తప్పు కానిదీ తప్పులా కనిపించే సందర్భం ఒకటుంది. రికవరీ ఏజెంటు ఫోన్ చేసి సగం కట్టు, ఖాతా మూసేస్తాం అంటాడు. మనిషి సంతోషంగా కట్టేస్తాడు. రిపోర్టులో అది క్లోజ్డ్ అని పడదు, సెటిల్డ్ అని పడుతుంది. బ్యాంకు కళ్లకు అది మచ్చే. బ్యూరోలు ఈ చరిత్రను కనీసం ఏడేళ్లు ఉంచుతాయి. ఇరవై ఏళ్లప్పుడు చేసిన చిన్న బేరం ఇరవై ఏడో ఏట కూడా వెంట వస్తుందన్నమాట. బ్యాంకు పరీక్షలు రాసే వయసు సరిగ్గా అదే.

చట్టం ఏమంటోంది? 2005 చట్టం, దాని కింది నియమాలు ఎవరెవరు బ్యూరో నుంచి నేరుగా సమాచారం తీసుకోవచ్చో చెప్పాయి. బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలు, బీమా కంపెనీలు, ఫోన్ కంపెనీలు, రేటింగ్ ఏజెన్సీలు, స్టాక్ బ్రోకర్లు వంటివాళ్లు అందులో ఉన్నారు. మామూలు కంపెనీ హెచ్‌ఆర్ విభాగం ఆ జాబితాలో లేదు. అందుకే చాలాచోట్ల చుట్టుదారి నడుస్తోంది: మీ రిపోర్టు మీరే డౌన్‌లోడ్ చేసి పీడీఎఫ్ పంపండి అంటారు. ఆ పీడీఎఫ్‌లో స్కోరు ఒక్కటే ఉండదు. పాత అడ్రసులు, ఫోన్ నంబర్లు, ఏ బ్యాంకులో ఎంత అప్పు, బంగారం ఎప్పుడు తాకట్టు పెట్టారు, ఏ నెలలో ఎంతమంది దగ్గర అప్పు అడిగారు, అన్నీ ఉంటాయి. ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందనో, పెళ్లి జరిగిందనో ఊహించడానికి తెలివైన మనిషికి అంత చాలు. చట్టం మూసిన తలుపును అభ్యర్థి చేతితోనే తీయించడం ఇది.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. ఆరేళ్లకు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అనుమతి అనేది స్వేచ్ఛగా, షరతుల్లేకుండా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలని, చెప్పిన పనికి అవసరమైన డేటాకే పరిమితం కావాలని ఆ 2023 చట్టం అంటుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు: వైద్య సలహా ఇచ్చే యాప్ ఫోన్‌లోని కాంటాక్టులన్నీ చూడటానికి అనుమతి అడిగి, వాడుకరి సరేనన్నా, ఆ పనికి కాంటాక్టులు అక్కర్లేదు కాబట్టి ఆ మేరకు అనుమతి చెల్లదు. ఇదే కొలబద్దతో చూస్తే సాఫ్ట్‌వేర్ టెస్టర్ ఉద్యోగానికీ, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ ఉద్యోగానికీ అప్పుల రిపోర్టు ఎందుకో చెప్పుకోవడం యజమానికి కష్టమే. అయితే అదే చట్టంలో ఉద్యోగ అవసరాలకు, యజమానికి నష్టం రాకుండా కాపాడుకోవడానికి అనుమతి లేకుండానే డేటా వాడుకునే ఒక కిటికీ కూడా తెరిచి ఉంచారు. ఇంకా ఉద్యోగిగా చేరని అభ్యర్థి ఆ కిటికీలోకి వస్తాడా అన్నది ముందుముందు కోర్టులు తేల్చాల్సిన సంగతి. చట్టం నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి గానీ, అసలు బాధ్యతలు అమలయ్యేది అక్కడి నుంచి ఏడాదిన్నర తర్వాతే.

అమెరికాలో ఈ తగవు పాతది. అక్కడి చట్టం ప్రకారం యజమాని విడిగా ఒక కాగితం మీద ముందే చెప్పి, రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. రిపోర్టు చూసి వద్దనుకుంటే, ఆ నిర్ణయానికి ముందే దాని కాపీ అభ్యర్థి చేతికివ్వాలి, తప్పుంటే చెప్పుకునే వ్యవధి ఉండాలి. యజమానికి వెళ్లే రిపోర్టులో స్కోరు ఉండదు. డల్లాస్‌లోనో షార్లెట్‌లోనో బ్యాంకు కొలువుకు వెళ్లే మన తెలుగు పిల్లలు స్కోరు గురించి పడే కంగారులో కొంత అనవసరం. ఈ రక్షణలూ చాలవని 2007లో వాషింగ్టన్ రాష్ట్రం ఆంక్షలు పెట్టింది. ఆ వెనక హవాయి, ఆరెగాన్, ఇల్లినాయ్, కాలిఫోర్నియా, కొలరాడో వంటివి నడిచాయి. 2015లో న్యూయార్క్ నగరం దాదాపుగా నిషేధించింది. చాలాచోట్ల డబ్బు చేతులు మారే ఉద్యోగాలకు మినహాయింపులున్నాయి. బ్రిటన్‌లో యజమాని చూసేది ప్రధానంగా కోర్టు తీర్పులు, దివాలా వంటి బహిరంగ రికార్డునే.

ఆరెగాన్‌లో చర్చ నడుస్తున్నప్పుడు 2010లో ట్రాన్స్‌యూనియన్ ప్రతినిధి ఒకరు శాసనసభ్యుల ముందు ఒప్పుకున్న మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. రిపోర్టులో ఉన్నదానికీ, పనితీరుకు గానీ మోసం చేసే అవకాశానికి గానీ సంబంధం ఉందని చూపే పరిశోధన తమ దగ్గర లేదని ఆయన చెప్పారు. మన సిబిల్ యజమాని కంపెనీ కూడా అదే అని గుర్తుంచుకోవాలి. 2012లో బెర్నర్త్ బృందం జర్నల్ ఆఫ్ అప్లైడ్ సైకాలజీలో వేసిన అధ్యయనం కాస్త భిన్నం. స్కోరుకూ పనిలో శ్రద్ధకూ కొంత సంబంధం కనిపించింది, కానీ దొంగతనం, నియమాల ఉల్లంఘన వంటి తప్పుడు పనులతో సంబంధం కనిపించలేదు. అంటే బ్యాంకులు ఏ భయంతో రిపోర్టు అడుగుతున్నాయో, సరిగ్గా ఆ భయానికే అది జవాబు చెప్పలేదు.

నిషేధిస్తే పేదలకు మేలే కదా అనుకుంటే, అక్కడా ఒక మెలిక తేలింది. ఆర్థికవేత్తలు అలెగ్జాండర్ బార్టిక్, స్కాట్ నెల్సన్ చేసిన పరిశోధనలో నిషేధం వచ్చిన రాష్ట్రాల్లో నల్లజాతి అభ్యర్థులకు కొలువులు దొరకడం తగ్గినట్టు కనిపించింది. రిపోర్టు అందకపోతే యజమాని ఇంకేదో గుర్తును పట్టుకుంటాడు, ఆ గుర్తు ఇంకా అన్యాయమైనది కావచ్చు. తెలంగాణకు అన్వయించుకుంటే ఇది కలవరపెట్టే ప్రశ్నే. సిబిల్ చూడొద్దంటే కంపెనీ ఏం చూస్తుంది? కాలేజీ పేరు, ఇంగ్లీషు యాస, ఇంటిపేరు, ఊరు? హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీ పిల్లవాడి ముందు జగిత్యాల పిల్లవాడు ఆ పోటీలో గెలవడం కష్టం. శుభ్రమైన అప్పుల రికార్డు ఉన్న పేదింటి పిల్లకు ఆ రిపోర్టే ఒక సాక్ష్యం కావచ్చు కూడా. అందుకే పూర్తి నిషేధం అన్న నినాదం వినడానికి బాగున్నా అందులో బరువు తక్కువ.

మరి అభ్యర్థి ఒప్పుకోవాలా? ఒప్పుకో, వద్దను అని అభ్యర్థికి సలహా ఇవ్వడమే ఈ ప్రశ్నను తప్పుచోట పెట్టడం. కొలువు అవసరమున్నవాడు దాదాపు ఎప్పుడూ ఒప్పుకుంటాడు. అడిగేవాడి చేతులు ఎక్కడ కట్టాలన్నది తేలాలి. నగదు, తాకట్టు బంగారం, అప్పు మంజూరు అధికారం చేతిలో ఉండే పోస్టులకు అడగవచ్చు. అది కూడా ఎంపిక పూర్తయ్యాక, ఆఫర్ ఇచ్చాక. రిపోర్టు మొత్తం అక్కర్లేదు, ఉద్దేశపూర్వకంగా ఎగ్గొట్టిన బాకీ, మోసం కేసు ఉన్నాయా అన్నంత మేరకే చాలు. కనిపించిన ప్రతికూల విషయం అభ్యర్థికి రాతపూర్వకంగా చెప్పాలి, జవాబు వినాలి. జమానతు సంతకం వల్ల పడిన మచ్చ, మాఫీ కోసం ఎదురుచూసిన పంట రుణం, కొలువు రాక ఆగిన చదువు అప్పు లెక్కలోకి రాకూడదు. మిగతా కొలువులకు రిపోర్టు అడగడమే అనవసరం. ఇవేవీ ఊహాలోకపు కోరికలు కావు, ముక్కలు ముక్కలుగా ఏదో ఒక దేశంలో అమల్లో ఉన్నవే.

ఈలోగా పరీక్షలు రాసేవాళ్లకు ఆచరణలో కొన్ని పనులున్నాయి. నాలుగు బ్యూరోలూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, 2017 నుంచి ఇది అమల్లో ఉంది. ప్రిలిమ్స్ రాసిన రోజే ఆ రిపోర్టు తీసి చూసుకోవడం మంచిది, ఎందుకంటే తప్పు సరిచేయడానికి ఇచ్చిన గడువు 30 రోజులు, ఆఫర్ లెటర్ చేతికొచ్చాక అంత వ్యవధి దొరక్కపోవచ్చు. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. ఉద్యోగం పోయినవాడికి ఆ వంద ఏ మూలకు వస్తుందో వేరే సంగతి. తీరిన ప్రతి అప్పుకూ నో డ్యూస్ కాగితం అప్పుడే తీసుకుని దాచుకోవాలి. సగం కట్టి సెటిల్ చేసుకొమ్మని ఏజెంటు అంటే రికార్డులో ఏమని పడుతుందో ముందే రాతలో అడగాలి. ఎవరైనా రిపోర్టు చూస్తే ఫోన్‌కు మెసేజ్ రావాలన్నది కూడా ఇప్పుడు నియమమే, కాబట్టి బ్యూరోలో పాత నంబరుంటే మార్పించుకోవాలి. బ్యాంకు కాని కంపెనీ పీడీఎఫ్ అడిగితే, ఏ పనికి, ఎంతకాలం ఉంచుకుంటారో మెయిల్‌లో అడగడానికి వెనకాడనక్కర్లేదు. జవాబు రాకపోవడం కూడా ఆ కంపెనీ గురించి ఒక సమాచారమే.

బ్యాంకులకూ ఐబీపీఎస్‌కూ చట్టం కోసం ఆగే అవసరం లేదు. 650 అన్న అంకెను పెట్టింది చట్టం కాదు, తీసేసిందీ చట్టం కాదు. ఏ రకం ఎగవేత లెక్కలోకి వస్తుంది, ఎన్నేళ్ల వెనక్కి చూస్తారు, చదువు అప్పు అందులో ఉందా లేదా, వివరణకు ఎన్ని రోజులిస్తారు అన్న నాలుగు ముక్కలు వచ్చే ప్రకటనలోనే రాయవచ్చు. మద్రాసు కేసులో అభ్యర్థి ఓడిపోయింది నిబంధన ముందే తెలుసన్న కారణంతో కూడా కాబట్టి, ఆ నిబంధన ఏ అప్పును పట్టుకుంటుందో దరఖాస్తు పెట్టే రోజునే విడమరిచి చెప్పాల్సిన బాధ్యత దాన్ని రాసినవాళ్ల మీదే ఉంది.